ఫినాయిల్ నేల మీద పిల్లి నడక: ఉత్తర తెలంగాణ ఇంటి నేలల చరిత్ర

నేల తుడిచే మందుల గురించి వైద్యుడు వ్రాయవలసినది ఏమున్నదని కొందరికి అనిపించవచ్చు. కాని మన ఇంట్లో నిత్యం ఒంటికి తగిలే రసాయనాలలో అది ఒకటి. పెద్దలు ఆ నేల మీద అరికాళ్లతో నడుస్తారు. పాకే బిడ్డ అరచేతులతో నడిచి, ఆ చేతిని నోట పెట్టుకుంటాడు. పిల్లి, కుక్క దాని మీద పొర్లి, తరువాత తమ పాదాలను, బొచ్చును నాకి శుభ్రం చేసుకుంటాయి. మనం నేల మీద వదిలినదే వాటి కడుపులోకి పోతుంది. ఈ ద్రవాలు ఎక్కడ, ఎవరి కోసం పుట్టాయో, మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు ఇళ్లలోకి ఏ దారిన వచ్చాయో తెలుసుకుంటే, అంగడిలో ఏ సీసా తీసుకోవాలో, దేనిని వదలాలో సులభంగా బోధపడుతుంది.

మట్టి నేల కాలం

రెండు మూడు తరాల కిందటి వరకు ఈ ప్రాంతపు పల్లెల్లో ఎక్కువ ఇళ్లకు మట్టి నేలే ఉండేది. ఆవుపేడను నీటిలో కలిపి, అవసరమైతే మన్ను చేర్చి అర్రలను అలికేవారు. తెల్లవారకముందే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేసేవారు. పండుగలకు గడపకు, అరుగుకు జాజు, సున్నం పూసేవారు. ఆదిలాబాద్ అడవులలోని గోండు, కొలాం గూడేలలోనూ నేల అలకడం ఇల్లాలి నిత్యకృత్యాలలో ఒకటి. ఆ అర్రలోనే కోళ్లు తిరిగేవి, మేకపిల్ల పడుకునేది. ఎలుకల కోసం పెంచుకున్న పిల్లి ధాన్యపు గుమ్మి పక్కన కాపలా ఉండేది.

పేడ అలుకు దుమ్మును అణచేది, పగుళ్లను పూడ్చేది. మట్టి నేల తడిని తనలోకి పీల్చుకునేది. ఆరిన అలుకు మీద పిల్లి పడుకున్నా, కాళ్లు నాకుకున్నా దానికి విషమయ్యే రసాయనమేదీ అందులో లేదు.

అంతమాత్రాన ఆ కాలాన్ని స్వర్ణయుగంగా వర్ణించడం వైద్యునికి తగదు. పశువుల పేడలోను, మట్టిలోను ధనుర్వాతపు సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అలికిన నేల మీద పురుళ్లు పోసుకొని, శుభ్రత లేని కత్తితో బొడ్డు కోసి, కొన్నిచోట్ల దాని మీద పేడ కూడా పూసిన రోజులలో ఎందరో పసికందులు ధనుర్వాతానికి బలయ్యారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పు, ఆసుపత్రి ప్రసవాల వల్ల ఆ జబ్బు తగ్గి, 2015లో భారతదేశం నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. కనుక గట్టి నేల, కడిగే నేల రావడం మేలే అయింది. అసలు ప్రశ్న దేనితో కడగాలన్నదే.

బొగ్గు తారు నుంచి వచ్చిన పరిశుభ్రత

నల్ల ఫినాయిల్ పుట్టుక బొగ్గులో ఉన్నది. బొగ్గును గాలి తగలకుండా వేడి చేసి వాయువును, కోకును తీసినప్పుడు మిగిలే జిగట పదార్థమే తారు. 1834లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్లీబ్ రుంగె ఆ తారు నుంచి కార్బాలిక్ ఆమ్లాన్ని వేరు చేశాడు. నేడు మనం ఫినాల్ అంటున్నది దానినే. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ ఎముక విరిగి చర్మం చీల్చుకు వచ్చిన ఒక బాలుని గాయానికి ఈ ఆమ్లంతో కట్టు కట్టి, కాలు తీయకుండానే నయం చేశాడు. 1867లో ఆయన వ్యాసాలు వెలువడ్డాక శస్త్రచికిత్స చరిత్రే మారిపోయింది. 1877లో ఇంగ్లండులో జాన్ జేస్ తారు నూనెలను సబ్బుతో కలిపి నీటిలో కలిసే ద్రవంగా చేసి హక్కు పొందాడు. 1889లో జర్మనీలో క్రెసాల్, సబ్బు కలిసిన లైసాల్ వచ్చింది. మన దేశంలో ప్రఫుల్ల చంద్ర రాయ్ స్థాపించిన బెంగాల్ కెమికల్స్ 1901లో లిమిటెడ్ కంపెనీ అయింది. ఆ సంస్థ ఫినాయిల్ నేటికీ మనకు పరిచితమే.

బొగ్గు మన ప్రాంతానికి కొత్త కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర నిక్షేపాలను గుర్తించిన తరువాత మొదలైన గనుల పని గోదావరి లోయ వెంట బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని వరకు విస్తరించింది. సింగరేణి బొగ్గు కోకు చేయడానికి పనికివచ్చే జాతి కాదు. అది ఇంజన్లకు, విద్యుత్తుకు పోయింది. తారు సరుకు వేరే చోట్ల నుంచి డబ్బాలలో వచ్చింది. 1929 నాటికి పూర్తయిన కాజీపేట–బల్హార్షా రైలు మార్గం పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్‌లను బయటి అంగళ్లకు దగ్గర చేసింది. ఫినాయిల్ మొదట ఇంటి వస్తువు కాదు. ఆసుపత్రి వరండాలకు, రైల్వే స్టేషన్లకు, మరుగుదొడ్లకు ఉద్దేశించినది. ఆ ఘాటు వాసనే శుభ్రతకు గుర్తు అన్న భావన అక్కడి నుంచే జనంలో నాటుకొన్నది.

అది ఇంట్లోకి రావడానికి నేల మారవలసి వచ్చింది. మట్టి నేల మీద ఫినాయిల్ నీళ్లు పోస్తే బురదే మిగులుతుంది. గడీలకు, కలిగిన ఇళ్లకు సున్నపు గచ్చు ఉండేది. తరువాత షాబాదు, తాండూరు బండలు, సిమెంటు గచ్చు, మొజాయిక్, టైల్స్, మన కరీంనగర్ కొండల గ్రానైటు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మట్టి నేల మందును పీల్చుకునేది. మెరుగు పెట్టిన టైలు పీల్చుకోదు. నీరు ఆవిరై పోగా, మందు పలుచని పొరగా పైననే నిలుస్తుంది. ఆ పొర మీదనే పిల్లి నడుస్తుంది.

కొలతలో చేరని ప్రాణి

1903లో రిడియల్, వాకర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్రిమిసంహారక ద్రవాల బలాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. టైఫాయిడ్ సూక్ష్మజీవిని చంపడంలో ఒక ద్రవం శుద్ధ కార్బాలిక్ ఆమ్లం కంటే ఎన్ని రెట్లు శక్తిమంతమో ఆ అంకె చెబుతుంది. ఫినాయిల్ డబ్బాల మీద ఆర్.డబ్ల్యు. గుణకం అని కనిపించేది అదే. మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1061 కూడా ఈ ద్రవాలను దాని ఆధారంగానే తరగతులుగా విభజించింది. టైఫాయిడ్, కలరా ప్రబలిన కాలానికి అది సబబైన కొలతే. కాని ఆరిన నేలను నాకే ప్రాణికి ఏమవుతుందన్న ప్రశ్న ఆ కొలతలో లేదు. ఆసుపత్రి వార్డులో పిల్లి ఉండదు కదా!

పిల్లి విషయంలో ఆ లోపం ప్రాణాంతకం కావచ్చు. మనిషి కాలేయం ఫినాల్ వంటి పదార్థాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జత చేసి, నీటిలో కరిగేలా మార్చి మూత్రంలో పంపివేస్తుంది. ఆ పని చేసే ఎంజైములలో ముఖ్యమైన దానికి సంబంధించిన జన్యువు పిల్లులలో చెడిపోయి ఉన్నది. మాంసమే ఆహారమైన ఆ జాతికి మొక్కల విషాలను విరిచే అవసరం తగ్గడమే దీనికి కారణమని శాస్త్రజ్ఞుల ఊహ. 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం పులి, సింహం సహా మార్జాల కుటుంబమంతటిలో ఇదే లోపం ఉన్నది. ఆదిలాబాద్ కవ్వాల్ అభయారణ్యపు పులికీ, మంచిర్యాల ఇంటి పిల్లికీ ఈ బలహీనత ఉమ్మడి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలగడానికి మూలమూ ఇక్కడే ఉన్నది. కుక్క కాలేయం ఇందులో కొంత మెరుగు. అయినా గాఢమైన ఫినాయిల్ దాని నోటిని, పాదాలను కూడా కాలుస్తుంది.

కొత్త సీసాలు, పాత ప్రశ్న

రంగు మారినంత మాత్రాన ప్రమాదం పోలేదు. తెల్ల ఫినాయిల్‌లో సాధారణంగా ఉండేది పైన్ నూనె. అదీ పిల్లికి హానికరమే. 1935లో గెర్హార్డ్ డోమాక్ వెలుగులోకి తెచ్చిన బెంజాల్కోనియం క్లోరైడ్ నేడు పరిమళాల నేల ద్రవాలలో విరివిగా కనిపిస్తుంది. తగినంత పలుచగా కలిపి, ఆరనిస్తే ప్రమాదం తక్కువే. గాఢంగా మిగిలితే మాత్రం నాకిన పిల్లి నాలుక మీద పుండ్లు పడతాయి, చొంగ కారుతుంది, జ్వరం వస్తుంది. సహజమైనవన్న పేరుతో అమ్మే టీ ట్రీ వంటి సుగంధ తైలాలు కూడా పిల్లికి, కుక్కకు విషాలే. మొక్కలోనిది కనుక మంచిదనే తర్కం ఇక్కడ చెల్లదు.

2020 మార్చిలో కరీంనగర్‌లో కరోనా కేసులు బయటపడినప్పుడు వీధులలో సోడియం హైపోక్లోరైట్ ద్రావణం చల్లారు. ఆ భయంలో ఇళ్లలోనూ క్రిమిసంహారకాల వాడకం పెరిగింది. వీధులలో మందు చల్లడం వల్ల ప్రయోజనం లేదని అదే సంవత్సరం మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. భయం తగ్గినా అలవాటు నిలిచిపోయింది. పరిశుభ్రత మనకు చెలగాటమై పిల్లికి ప్రాణసంకటం కారాదు.

ఏది ఎంచుకోవాలి?

1. రోజూ తుడవడానికి నీరు, అందులో వాసన లేని తేలికపాటి సబ్బు ద్రవం కొద్ది చుక్కలు చాలు. ఆరోగ్యవంతుల ఇంటి నేలకు నిత్యం క్రిమిసంహారకం అవసరం లేదు.

2. సీసా మీద ఫినాల్, క్రెసాల్, క్లోరోజైలినాల్, పైన్ నూనె అన్న పేర్లుంటే పిల్లి ఉన్న ఇంటికి వద్దు. ఏ పదార్థమున్నదో చెప్పని సీసాను అసలే కొనవద్దు. పాత నీళ్ల సీసాలలో నింపి వీధిలో అమ్మే ఫినాయిల్‌ను పిల్లలు పానీయమనుకొని తాగే ప్రమాదమూ ఉన్నది.

3. వాంతి, విరేచనాలు, పార్వో వంటి అంటువ్యాధి ఉన్నప్పుడు క్రిమిసంహారకం తప్పదు. 1978లో లోకమంతా కుక్కలలో బయటపడిన పార్వో వైరస్‌ను సబ్బు చంపలేదు. బ్లీచ్ చంపుతుంది. ముందు మాలిన్యం తీసి సబ్బుతో కడిగి, ఇంటి ద్రవ బ్లీచ్ ఒక పాలు, నీరు ముప్ఫై పాళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, మంచినీటితో కడిగి ఆరనివ్వాలి. అంతవరకు జంతువులను వేరే అర్రలో ఉంచాలి.

4. జంతువు మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోయరాదు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులను మండించే వాయువు పుడుతుంది. బ్లీచ్‌ను యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వస్తుంది. అది మనిషికీ ప్రాణాంతకమే. పంజరంలోని చిలుకల వంటి పక్షులు ఇటువంటి ఆవిరులకు మరింత త్వరగా లొంగుతాయి.

5. వెనిగర్ పలుచగా వాడవచ్చును కాని షాబాదు, తాండూరు బండల మీద కాదు. అవి సున్నపురాళ్లు, పులుపు వాటిని తినివేస్తుంది.

6. మందు కలిపిన బకెట్‌ను మూత లేకుండా వదలవద్దు. ఎండాకాలంలో దాహంతో ఉన్న జంతువు అందులోనే మూతి పెడుతుంది.

ప్రమాదం జరిగితే

చొంగ కారడం, వాంతులు, తూలడం, వణుకు, నోటిలో పుండ్లు, మూత్రం నల్లబడడం కనిపిస్తే ఆలస్యం వద్దు. వాంతి చేయించవద్దు. కాల్చే రసాయనం గొంతును రెండవసారి కాలుస్తుంది. పాదాలను, బొచ్చును గోరువెచ్చని నీటితో, తేలిక సబ్బుతో కడిగి, నాకకుండా తువ్వాలుతో చుట్టి, మందు సీసాతో సహా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. మందు పేరు తెలిస్తే చికిత్స సగం సులువవుతుంది. ఈ ప్రాంతంలో కోరుట్లలో పశువైద్య కళాశాల కూడా ఉన్నది.

ధనుర్వాతపు బీజాలున్న మట్టి నేల నుంచి మనం గట్టి నేలకు వచ్చాము. అది నిజమైన ప్రగతి. కాని ఆ నేలను కడగడానికి ఆసుపత్రి కొలతను యథాతథంగా ఇంటికి తెచ్చుకున్నాము. ఇల్లు ఆసుపత్రి కాదు. నేల ఆరిన తరువాత దాని మీద ఏమి మిగులుతుంది, దానిని ఎవరు నాకుతారు అన్న రెండు ప్రశ్నలు వేసుకొని సీసా కొనండి. పిల్లికి క్షేమమైన నేల పాకే బిడ్డకూ క్షేమమే.