కందనవోలు సీమయందలి రాతిపనివారు

కర్నూలునకుఁ బ్రాచీననామము కందనవోలు. ఈ పేరునుగూర్చి యా సీమయందొక యైతిహ్యము కలదు. తుంగభద్రకావలియొడ్డున నున్న యలంపురమున దేవాలయములు కట్టు కాలమున, రాళ్లు తోలు నొడ్డెవారు తమ బండ్ల నీవలియొడ్డున నిలిపి, యేఱు దాఁటకమున్ను చక్రములకుఁ గందెన పెట్టుకొనుచుండిరఁట. ఇచటి తెలికలవారు వారికి నూనె యమ్ముచుండిరఁట. అందుచే నీ తావు కందెనవోలయ్యెనఁట. ప్రోలు శబ్దము సమాసమున నుత్తరపదమై నిలిచినపుడు పకారము వకారమగుటయు, రేఫ లోపించుటయు వ్యాకరణసమ్మతములే. కందెన కందన యగుట మాత్రము జనవ్యవహారమునకు విడువవలసినది. కాలగణనమున కీ కథ నిలువదు. అలంపురమందలి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలమున, 7, 8 శతాబ్దులలోఁ గట్టఁబడినవి. కథ చెప్పువారు వానిని 11వ శతాబ్దికిఁ దెచ్చుచుందురు. అయినను ఒక విశేషము గమనింపఁదగియున్నది. పట్టణముల పేరులకు రాజులనో దేవతలనో కారణముగాఁ జెప్పుట లోకాచారము. ఈ సీమవారు తమ ముఖ్యపట్టణము పేరును బండికందెననుండి తీసి, రాళ్లు తోలినవారికి ముడిపెట్టిరి. శాసనములు తఱచు పేర్కొననివారికి లోకస్మృతి యిచ్చిన యగ్రహారమిది.

కర్నూలు నానుకొని కల్లూరు కలదు. ఇప్పుడది కర్నూలు నగరపాలకసంస్థలోఁ జేరియున్నది. కన్నడమునఁ గల్లనఁగా రాయి. కన్నడపు టేలుబడి చిరకాలము సాగిన యీ ప్రాంతమున గ్రామనామములందుఁ గన్నడపదము నిలుచుట వింత కాదు. ఈఁతకల్లునుండియే యీ పేరు వచ్చెననువారితో వాదింపఁ బనిలేదు గాని, చుట్టునున్న నేల మాత్రము రాతిపక్షమునే వహించుచున్నది. నాపరాయి, బేతంచెర్ల బండ, కడప బండ యని దేశమంతట నిండ్లలోఁ బఱచుకొను పలకలు ఈ కర్నూలు కడప ప్రాంతముల సున్నపురాతి పొరలనుండియే వెలువడుచున్నవి.

ఒడ్డె శబ్దమునకు వ్యుత్పత్తులు రెండు చెప్పవచ్చును. సంస్కృతమున నోడ్రశబ్దము దేశవాచకము. ప్రాకృతమున సంయుక్తాక్షరమందలి రేఫ లోపించి, డకారము ద్విరుక్తమై, పూర్వస్వరము హ్రస్వమై ఒడ్డ యగును. దానినుండి ఒడ్డె, వొడ్డె, వడ్డె, వడ్డెర యను రూపములు. దక్షిణదేశపు కులములనుగూర్చి 1909లో నేడు సంపుటములు ప్రకటించిన థర్‌స్టన్ దొర యీ జాతిపేరును ఓడ్రదేశమునకే సంబంధించినదానినిగాఁ జూపెను. రెండవది దేశ్యము. తెలుఁగున నొడ్డు తీరము. కన్నడమున నదియే కట్టకుఁ బేరు. చెఱువునకొడ్డు కట్టువాఁడొడ్డె. వలసకథకు మొదటిది, వృత్తికి రెండవది యనుకూలించును. గజపతులను మన పూర్వు లొడ్డెరాయలని వ్యవహరించియుండుటచే మొదటిదే బలవత్తరము. కాని రెండవ యర్థమే యీ పేరును జనుల నోట నింతకాలము నిలిపెననుట తప్పు కాదు. వీరిలోఁ గల్లొడ్డెలు, మన్నొడ్డెలు నను తెగలు రెండు: రాయి కొట్టువారు, మన్ను త్రవ్వువారు. కల్లూరి పేరునఁ జూచిన కల్లే యిచటను గానవచ్చుచున్నది.

కడప మండలమందలి పోరుమామిళ్ల చెఱువు శాసనము (శాలివాహనశకము 1291, క్రీ.శ. 1369) ఈ చరిత్రకు దీపమువంటిది. బుక్కరాయల కుమారుఁడగు భాస్కర భవదూరుఁడు కట్టించిన యా తటాకమునకు రెండేండ్లపాటు దినమునకు వేయిమంది పనివారును, తూమునకు గోడలకును రాయి తెచ్చుటకు నూఱు బండ్లును వినియోగపడెనని యందుఁ గలదు. మఱియు మంచి చెఱువునకు వలసిన సాధనములు పండ్రెండును, దోషము లాఱును లెక్కింపఁబడినవి. ధర్మపరుఁడగు రాజు మొదటి సాధనము; జలశాస్త్రవేత్తయగు బ్రాహ్మణుఁడు రెండవది; గట్టినేల, మంచినీటి యేఱు, కొండ, బిగువైన రాతికట్ట, సూటియై నిడుపైన రాళ్లు దొరకు గని మున్నగునవి పిదప వచ్చి, నిర్మాణవిద్య యెఱిఁగిన జనసమూహము పండ్రెండవదిగాఁ జెప్పఁబడినది. తుదను జెప్పుటచే నిది తక్కువదని తలఁపరాదు. ఇది లేనిచోఁ దక్కిన పదునొకండును గూడి చెఱువు కాఁజాలవు. రాజును పండితుని లెక్కించిన పట్టికయందే పనివారును, అందును విద్యావంతులుగా, లెక్కింపఁబడిరి. పిమ్మట నైదాఱు శతాబ్దుల కాలమునఁ బోయినది ముఖ్యముగా నీ లెక్కయే.

ఆ కాలపుఁ గట్టుబాటులలో నింకొక మంచి యుండెను. చెఱువు కట్టుటతో పని ముగియదు. ఏఁటేఁట పూడిక తీయవలెను. విజయనగరకాలపు శాసనములు పెక్కింటియందు మన్ను తోలు బండ్ల పోషణమునకై భూములు విడువఁబడినవి. అందుచేఁ బనివానికి నొకమారు వచ్చి పోవు కూలిగాక, ఊరితో ముడివడిన జీవిక యుండెను. మహమ్మదీయప్రభుత్వమున పదములు మాఱెను. రాయలసీమలో నేఁటికిని గోడకట్టు పనిని బేల్దారిపని యందురు. పారసీకమున బేలు పార, బేల్దారు పార పట్టినవాఁడు. మన్ను త్రవ్వువానికిఁ జెందిన పేరు గోడ కట్టువాని కెక్కుట శబ్దచరిత్రలోనే కాక పనుల చరిత్రలోను గుర్తింపవలసిన విషయము: పార పట్టినవాఁడు క్రమముగాఁ దాపీ పట్టఁగలుగుచుండెనని యిందువలన నూహింపవచ్చును.

ఒడ్డెల పనియందు కుటుంబమే సంఘము. పురుషుఁడు గడ్డపారతోఁ ద్రవ్వును, స్త్రీ తట్ట మోయును. కూలి దినమునకుఁ గాక కొలతకు. త్రవ్విన గుంట నడుమఁ బూర్వపు నేలమట్టము తెలియుటకై కొంత మన్నును దిమ్మెగా విడిచిపెట్టుదురు. దాని యెత్తునుబట్టి త్రవ్వకపు లెక్క తేలును. రాతిపనివారు నిప్పు పెట్టి బండను పొరలుగా విడఁదీయుటయు, వరుసగాఁ గన్నములు తొలిచి చీలలు దిగఁగొట్టి కోరిన గీఁత వెంబడి రాయి పగులునట్లు చేయుటయు నెఱుఁగుదురు. ఏ దెబ్బకు రాయి యేమి పలుకునో వినియే లోపలి పగులును జెప్పుదురు. ఇది పుస్తకములయందు లేని విద్య.

కర్నూలు 1839లో నవాబు గులాం రసూల్ ఖానునొద్దనుండి యాంగ్లేయుల వశమయ్యెను. ఏడెనిమిదేండ్లకు, 1846–47లో, కోయిలకుంట్ల ప్రాంతమున నుయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగఁబడినపుడు ఆయన ముఖ్యానుచరులలో వడ్డె ఓబన్న యుండెను. పిదప 1860 తరువాత మదరాసు ఇరిగేషన్ కెనాల్ కంపెనీవారు సుంకేసులయొద్ద తుంగభద్రకానకట్ట కట్టి, కర్నూలుమీఁదుగాఁ గడపవఱకు దాదాపు 190 మైళ్ల కాలువ త్రవ్వించిరి. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికైదు వడ్డీకి ప్రభుత్వము పూఁటపడెను. లాభము వచ్చినను రాకున్నను లండనునందలి వాటాదారునకు వడ్డీ నిశ్చయము. మన్ను మోసినదానికి మాత్రము వాన వచ్చి కొలతదిమ్మె కరఁగినచోఁ గూలియే నిశ్చయము లేదు. కాలువ 1871 నాఁటికి సిద్ధమైనను, మెట్టపైరుల కలవాటుపడిన రేగడినేల రైతులు నీటి నంతగాఁ గొనలేదు. తుదకు 1882లో దానిని ప్రభుత్వమే కొనవలసివచ్చెను.

ఈ నడుమనే 1876–78 క్షామము. కర్నూలు మండలపు జనసంఖ్య 1871, 1881 లెక్కల మధ్య సుమారు నాలుగవవంతు తగ్గెను. క్షామపుఁబనులలో సర్ రిచర్డు టెంపులు 1877లో నిర్ణయించిన కూలి పురుషునకు దినమునకొక పౌను ధాన్యమును ఒక యణాయును. పని నేర్చినవాఁడును నేర్వనివాఁడును ఒకే రాశిలోఁ గలిసిపోయిరి. తరువాత 1911నాఁటి నేరజాతుల చట్టముక్రింద నొడ్డెలలోఁ గొన్ని తెగలు నేరస్థజాతులుగాఁ బ్రకటింపఁబడెను. పని వెదకికొని యూరూరు తిరుగుట రాతిపనివాని వృత్తిధర్మము, చట్టమునకదియే యనుమానకారణమయ్యెను. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. పేరుముందు చేర్చిన దొంగశబ్దము మాత్రము జాబితాలనుండి యంత త్వరగాఁ బోలేదు.

నల్లమల చెంచుల కథ వేఱు. వారు శ్రీశైలయాత్రికులకు దారిచూపినవారు. కట్టడము వారి వృత్తి కాదు. ఒడ్డెలకు సరియైన పోలిక కావలెనన్నఁ గెనడాదేశమునకుఁ బోవలసియున్నది. 1886లో సెయింట్ లారెన్సు నదిపై రైలువంతెన కట్టుటకు మోహాక్ అను నాదిమజాతివారి కానవాకే గ్రామభూమి కావలసివచ్చెను. భూమి నిచ్చినందులకు వారికిఁ బని యియ్యవలెనని యొడంబడిక జరిగెను. మొదటఁ గూలివారుగాఁ జేరినవారు కొలఁదికాలములోనే యెత్తైన యినుపదూలములపై నడచి చీలలు బిగించుటలో నిపుణులైరి. 1907 ఆగస్టు 29న క్విబెక్ వంతెన కూలి 75 మంది చనిపోఁగా, అందు 33 మంది యా గ్రామమువారే. పిమ్మట మగవారందఱు నొకే పనిలోఁ జేరరాదని యా గ్రామస్త్రీలు పట్టుపట్టిరని చెప్పుదురు. పని వారు మానలేదు. న్యూయార్కు నగరపు మహాసౌధములనేకములు వారి చేతిమీఁదుగా లేచినవి. వారికిఁ బనివారి సంఘమును, నిపుణునకుఁ దగిన కూలియు నుండెను. ఒడ్డెలకు విద్య యుండెను, ఈ రెండును లేకపోయెను.

1948నాఁటి కనీసవేతనముల చట్టపుఁ బట్టికలో రాయి కొట్టుటయు, కట్టడపుఁబనియుఁ జేరినవి. 2015లో నారంభమైన కేంద్రప్రభుత్వపు నైపుణ్యవికాసపథకమున, బడికిఁ బోక పనిలోనే నేర్చిన విద్యను పరీక్షించి పత్రమిచ్చు నేర్పాటు కూడఁ గలదు. ఇది పోరుమామిళ్ల శాసనమునకు దగ్గఱగా వచ్చిన మాట. కాని మన్నొడ్డెల పనిని త్రవ్వుయంత్రము లాక్రమించెను. కల్లొడ్డెలలో ననేకులు కంకర మరలయొద్ద దుమ్ము పీల్చుచు దినకూలికిఁ బనిచేయుచున్నారు. అట్టివారి పిల్లలు ఐ.టి.ఐ.లోఁ జేరి సర్వేయరు, ఫిట్టరు, ఎలక్ట్రీషియను పనులు నేర్వవలెనన్నఁ జోటు దొరకుట వర్గీకరణమునుబట్టి యుండును. ఆంధ్రప్రదేశమున వడ్డెరలు వెనుకఁబడిన తరగతులలో మొదటి వర్గమువారు. కర్ణాటకమున నీ జాతివారే భోవి యను పేర షెడ్యూల్డు కులములవారు. ఆదోని దాఁటి కొన్ని మైళ్లు పోయినంతనే వర్గము మాఱును. ఉలి, సమ్మెట, గడ్డపార మాఱవు.