సీసాలలోని పూదోట



అమరకోశమున వనౌషధివర్గమును వల్లించినవారు వందా శబ్దము నెఱుగుదురు. చెట్లకొమ్మలపై మొలచు బదనికకు అది పేరు. పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు ఆర్కిడ్ పూలజాతిలో నొక తెగకు పెట్టిన 'వాండా' యను పేరు మన సంస్కృతమునుండి పోయినదే. బదనికకు వృక్షాదని యను పర్యాయము గూడ కలదు. అనగా చెట్టును తినునది. ఈ మాట ఆర్కిడ్లకు చెల్లదు. కొమ్మపై కూర్చుండునట్టివి గూడ చెట్టు సారమును దొంగిలింపవు.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు ధనికులకు ఈ పూలపై వెఱ్ఱి వ్యామోహము పుట్టెను. వారు మొక్కను పెంచ నేర్చిరి గాని, విత్తునుండి పుట్టించుట వారికి దుస్సాధ్యమయ్యెను. ఒక్కొక్క కాయలో లక్షలకొలది విత్తులుండును. అవి ధూళివలె సన్ననివి. మొలకకు వలయు ఆహారము వానిలో నిలువయుండదు. అందుచేత వర్తకులు అడవులపై పడిరి. మిల్లికన్ అను నొక మొక్కల వేటగాడు, కొలంబియా దేశమున సుమారు 10,000 మొక్కలకై 4,000 చెట్లను నఱికించినట్లు 1891లో అచ్చయిన తన గ్రంథమున నిస్సంకోచముగా వ్రాసికొనెను. అది చదివిననాడు నాకు అన్నము సయింపలేదు.

1899లో నోయెల్ బెర్నార్ అను ఫ్రెంచి యువకుడు అడవిలో మొలకెత్తుచున్న ఆర్కిడ్ విత్తులను పరీక్షించి, వానిలో నొక సూక్ష్మమైన శిలీంధ్రము చేరియుండుట కనుగొనెను. అదియే శిశువునకు దాది. 1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున నడ్సన్ అను పండితుడు ఆ దాదిని తొలగించి చూపెను. సముద్రపునాచునుండి తీసిన అగర్ అను జిగురులో పంచదారయు లవణములును కలిపి, బూజు చొరకుండ శుద్ధిచేసి, గాజుగొట్టములో విత్తెను. విత్తులు మొలచెను. బీజము ప్రధానమా, క్షేత్రము ప్రధానమా యని మన ధర్మశాస్త్రకారులు చేసిన వాదము నాకిచట జ్ఞప్తికి వచ్చుచున్నది.

అయినను విత్తునుండి వచ్చిన బిడ్డ తల్లిని పూర్తిగా పోలదు. మేలుజాతి మొక్కను ఉన్నదున్నట్లు పెంపొందించుట యెట్లు? ఫ్రాన్సు దేశీయుడైన జార్జి మొరెల్, మార్టిన్ తో గూడి, 1952లో తెగులు సోకిన డాలియా మొక్క చిగురుకొనను మాత్రము కత్తిరించి పెంచి ఆరోగ్యవంతమైన మొక్కను సాధించెను. చిగురు మొనకు వైరస్ తఱచు చేరదు. 1960లో అదే ఉపాయమును సింబిడియం అను ఆర్కిడ్ పై ప్రయోగింపగా, ఆ కొన పచ్చని చిన్న గుండ్లుగా ఉబ్బెను. వానిని ముక్కలు చేసినకొలది మరల గుండ్లు, గుండ్లనుండి మొక్కలు! 1962లో మురాషిగే, స్కూగ్ అనువారు పొగాకు కణములకై కూర్చిన ఆహారద్రవము నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. ఆంథూరియము మొదలగు ఉష్ణదేశపు అలంకారపు మొక్కలు నేడిట్లే వేలకొలది పుట్టుచున్నవి.

సీసాలోని మొక్క సుకుమారి. దాని ఆకుపై మైనపుపొర పలుచన. ఒక్కమారుగా ఎండలోనికి తెచ్చిన వాడిపోవును. తడిగాలిగల నీడలో కొన్ని వారములు అలవాటు చేయవలెను. మఱియు అన్నియు ఒకే తల్లి ప్రతిరూపములగుటచే, ఒకదానిని కూల్చు తెగులు అన్నిటిని కూల్చగలదు.

ఇంత విద్య వచ్చినను అడవులకు శాంతి కలిగెనా? 1999లో లోకమునకు క్రొత్తగా తెలిసిన వియత్నాము ఆర్కిడ్ నొకదానిని సేకర్తలు కొలది యేండ్లలోనే అడవినుండి దాదాపుగా తుడిచివేసిరి.