పెరటి నిమ్మకు ఎరువు: యశదము కథ



పెరట్లో నిమ్మచెట్టు ఆకు పసుపు తిరిగిందంటే మన ఇళ్ళలో చేసే పని ఒకటే. ఇంకో తట్ట పెంట మొదట్లో వేస్తాం. అప్పటికీ పచ్చబడకపోతే దోసెడు యూరియా చల్లుతాం. చెట్టు ఆకలిగా ఉన్నదని మన నమ్మకం. ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు కూడా ఇదే నమ్మి చాలా ఏండ్లు నష్టపోయినారు.

ఆ రాష్ట్రంలో రివర్‌సైడ్ అనే ఊరున్నది. 1873లో అక్కడ టిబెట్స్ అనే దంపతుల ఇంటికి గింజలేని నారింజ మొక్కలు వచ్చినవి. ఇంటి దగ్గరే నాటుకున్నారు. వాటి అంట్లతోనే ఆ ప్రాంతంలో తోటలు విస్తరించినవి. 1907లో అక్కడ నిమ్మజాతి పరిశోధన కేంద్రం కూడా వెలసినది. అయితే తోటలు పెరిగేకొద్దీ ఒక జబ్బు బయటపడింది. ఆకు ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం పసుపు తిరిగేది. కొత్త ఆకులు చిన్నవై కొమ్మ చివర గుబురుగా నిలబడేవి. కాయ కూడా చిన్నదైపోయేది.

నేలలో సత్తువ పోయిందన్నారు చాలామంది. 1916లో అచ్చయిన ఒక పరిశోధన, సేంద్రియ పదార్థం తక్కువైన నేలల్లో ఈ జబ్బు ఎక్కువని చూపింది. ఆ మాటను తీసివేయలేము. అయినా అంతటితో చిక్కు విడలేదు. పూర్వం పశువుల దొడ్లున్న చోట, అంటే పెంట బాగా నిండిన నేలలో నాటిన పండ్లచెట్లకు ఈ జాతి జబ్బు మరీ ఎక్కువగా వచ్చేది! పెంట చాలకనే జబ్బనుకుంటే, అక్కడ ఎందుకు రావాలి?

1930 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చాండ్లర్, హోగ్లాండ్, హిబ్బర్డ్ అనే శాస్త్రజ్ఞులు ఇతర పండ్లచెట్లలో వచ్చే చిట్టి ఆకు జబ్బుపై పనిచేశారు. ఇనుము లోపమేమోనని అన్నభేది వేసి చూశారు. చెట్లు తేరుకున్నవి. సరే, దొరికిందనుకున్నారు. కాని శుద్ధిచేసిన అన్నభేది వేస్తే గుణమే కనిపించలేదు. తీరా చూస్తే, పనిచేసింది ఇనుము కాదు, నాసిరకం అన్నభేదిలో మాలిన్యంగా ఉన్న యశదము. దీన్నే మనం జింకు అంటున్నాం.

అమెరికా దక్షిణ భాగంలో పెకాన్ అనే కాయచెట్ల దగ్గర ఇంకో తమాషా జరిగింది. అన్నభేది నీళ్ళు కొన్ని పాత్రల్లో కలిపితే చెట్టుకు నయమయ్యేది, మరికొన్నిటిలో కలిపితే కాదు. నయం చేసినవి యశదపు పూత ఉన్న ఇనుప పాత్రలు, మన బావి దగ్గరి తెల్లబకెట్టు లాంటివి. ఇది 1932 నాటి మాట. 1933కల్లా నిమ్మజాతి చెట్లకు జింకు సల్ఫేటు వాడకం మొదలైంది. మన దేశంలో 1966లో పంత్‌నగర్‌లో నెనేగారు వరి ఖైరా తెగులు జింకు లోపమేనని తేల్చారు.

మన పెరటి సంగతికి వద్దాం. చౌడు, సున్నపు నేలల్లో జింకు ఉన్నా వేరుకు అందదు. భాస్వరం అతిగా వేసినా అంతే. కనుక ముందు ఆకును చూడండి. ముదురాకు మొత్తం ఒకే తీరుగా పాలిపోతే నత్రజని చాలలేదన్నమాట. అప్పుడు యూరియా వేయవలసిందే. లేతాకు చిన్నదై, ఈనె పచ్చగా, మధ్య పసుపుగా ఉంటే అది జింకు లోపం. దానికి యూరియా మందు కాదు. అలాగని పెంట మానమని నేననటం లేదు. ఏటా చివికిన ఎరువు వేయండి, మొదలుకు ఆనించకుండా పాదులో చుట్టూ వేసి మట్టి కప్పండి.

లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, అందులో సగం తడిపిన సున్నం కావాలి. రెండూ వేరువేరుగా కలిపి, సున్నపు తేటను గుడ్డతో వడగట్టి పోయాలి. కొత్త చిగురు వచ్చి ఆకు విచ్చుకుంటున్నప్పుడు, ఎండ లేని వేళ, ఆకు రెండువైపులా తడిసేటట్లు కొట్టండి. సున్నం కలపకపోతే లేతాకు మాడుతుంది.