బ్రిటన్ ప్రభుత్వం, ముస్లిం సంస్థలు: సంప్రదింపులు, నిధులు

బ్రిటన్ ప్రభుత్వం తన దేశంలోని ముస్లిం సంస్థలతో సంప్రదింపులు జరపడం, వాటికి ప్రజాధనం నుంచి సాయం చేయడం 1940లో మొదలైంది. లండన్‌లో మసీదుకు స్థలం కొనేందుకు ఆ ఏడాది యుద్ధకాల మంత్రివర్గం లక్ష పౌండ్లు మంజూరు చేసింది. తరువాతి కాలంలో వలస వచ్చిన వారి సంక్షేమం, బడులకు గ్రాంటు, ఉగ్రవాద నిరోధం, మసీదుల భద్రత ఒక్కొక్కటిగా ఈ సంబంధానికి కారణాలయ్యాయి. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో ముస్లింలు సుమారు 39 లక్షలు, అంటే జనాభాలో 6.5 శాతం. ఇంతమందితో ప్రభుత్వం ఎవరి ద్వారా మాట్లాడాలి, ఎవరికి డబ్బివ్వాలి అన్న వాదన ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. ఎంత ఇచ్చారన్నదాని కంటే ఏ శాఖ పద్దులోంచి, ఏ పేరుతో ఇచ్చారన్నదే ప్రతిసారీ ఫలితాన్ని తేల్చింది.

సామ్రాజ్య కాలం, హైదరాబాదు సొమ్ము

బ్రిటన్‌లో మసీదుగా వాడుకునేందుకే కట్టిన తొలి భవనం వోకింగ్ పట్టణంలోని షాజహాన్ మసీదు. ప్రాచ్య భాషల పండితుడు లైట్నర్ పూనుకుని 1889లో దాన్ని కట్టించారు. భోపాల్ నవాబు షాజహాన్ బేగం విరాళమిచ్చారు. మసీదు పక్కన ఇమాం ఉండే ఇంటికి హైదరాబాదు దివాను సాలార్‌జంగ్ పేరు పెట్టారు.

లండన్‌లో పెద్ద మసీదు కట్టాలన్న ప్రయత్నానికి ఊపు వచ్చింది కూడా హైదరాబాదు నుంచే. ఇస్లాం స్వీకరించిన ఆంగ్ల ప్రభువు లార్డ్ హెడ్లీ అభ్యర్థనపై ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 60 వేల పౌండ్లు ఇచ్చారు. దాంతో 1928లో లండన్ నిజామియా మసీదు ట్రస్టు ఏర్పడింది. 1937లో నిజాం పెద్ద కొడుకు ఆజం జా పశ్చిమ కెన్సింగ్టన్‌లో శంకుస్థాపన చేశారు గానీ, అక్కడ మసీదు లేవలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ప్రభుత్వమే ముందుకొచ్చింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో క్రైస్తవుల కంటే ముస్లింలే ఎక్కువగా ఉండగా రాజధానిలో వారికి తగిన ప్రార్థనా స్థలం లేకపోవడం బాగోదని వలసరాజ్యాల మంత్రి లార్డ్ లాయిడ్ వాదించారు. 1940 అక్టోబరులో చర్చిల్ మంత్రివర్గం లక్ష పౌండ్లకు ఒప్పుకుంది. రీజెంట్స్ పార్కు అంచున స్థలం దొరికింది. బదులుగా కైరోలో ఆంగ్లికన్ కథీడ్రల్ కోసం ఈజిప్టు స్థలమిచ్చింది. 1944 నవంబరులో ఆరో జార్జి రాజు అక్కడ ఇస్లామిక్ సాంస్కృతిక కేంద్రాన్ని ప్రారంభించారు. ఫ్రెడరిక్ గిబర్డ్ రూపకల్పన చేసిన నేటి మసీదు 1977కు గానీ పూర్తికాలేదు. నమాజు చేసుకునేది లండన్ ముస్లింలే అయినా, మంత్రివర్గం లెక్కలు వేసుకున్నది అరబ్బు దేశాల్లోనూ భారతదేశంలోనూ ముస్లింలు ఏమనుకుంటారన్నదాన్ని బట్టి. సాయం వెనుక సర్కారు అవసరం ఉండడం ఆ తొలి గ్రాంటుతోనే మొదలైంది.

వలసలు, బడులు

1950ల నుంచి మీర్‌పూర్, సిల్హెట్, గుజరాత్ ప్రాంతాల వాళ్లు మిల్లుల్లో, ఫౌండ్రీల్లో పనికి వచ్చారు. వరుస ఇళ్లలో ఒక ఇల్లు కొని గోడలు కొట్టేసి మసీదు చేసుకున్నారు. ఆ ఖర్చంతా వారానికింతని వాళ్లు వేసుకున్న చందాలే. ధార్మిక సంస్థగా నమోదైతే పన్ను రాయితీ దక్కేది. అంతకు మించి మసీదుకు సర్కారు సాయం లేదు. 1966 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం కింద కామన్‌వెల్త్ వలసదారుల అవసరాలకు పురపాలక సంస్థలకు నిధులొచ్చేవి. 1976 జాతి సంబంధాల చట్టం కూడా జాతినే చూసింది, మతాన్ని కాదు. దాంతో పాకిస్తానీ, బంగ్లాదేశీ సంఘాలకు గ్రాంటు దొరికేది, ముస్లిం సంఘానికి దొరికేది కాదు. 1981లో ఏర్పడిన బ్రాడ్‌ఫర్డ్ మసీదుల మండలి బడి భోజనంలో హలాల్ మాంసం వంటి విషయాలపై పురపాలక సంస్థతో నేరుగా మాట్లాడి, ఈ పద్ధతిని కొంత మార్చింది.

బడుల విషయంలో పోరాటం పొడుగ్గా సాగింది. ఆంగ్లికన్, కాథలిక్, యూదు బడులకు ప్రభుత్వ నిధులు దశాబ్దాలుగా అందుతున్నాయి. గాయకుడు కాట్ స్టీవెన్స్‌గా పేరు పొంది, ఇస్లాం స్వీకరించిన యూసుఫ్ ఇస్లాం 1983లో లండన్‌లోని బ్రెంట్‌లో ఇస్లామియా ప్రాథమిక పాఠశాల పెట్టారు. దాని దరఖాస్తులు మళ్లీ మళ్లీ తిరస్కారానికి గురయ్యాయి. చివరకు 1998 జనవరిలో ఆ బడికీ, బర్మింగ్‌హామ్‌లోని అల్ ఫుర్‌ఖాన్ బడికీ గ్రాంటు మంజూరైంది. ఇతర మతాలవాళ్లకు ఉన్నదే తమకూ దక్కిందని ముస్లింలు భావించారు. ఈ గ్రాంటు తరువాత పెద్దగా వివాదం రేపకపోవడానికి కారణం అదే. పాఠ్యప్రణాళిక, తనిఖీలు, జీతాలు అన్నీ అందరికీ ఉన్న నిబంధనల ప్రకారమే నడిచాయి.

ఒకే గొంతు కోసం

1989 జనవరిలో బ్రాడ్‌ఫర్డ్‌లో ఇస్లాంను అవమానించిందంటూ సల్మాన్ రష్దీ నవల ప్రతిని తగలబెట్టిన ఘటనతో ముస్లింల సంగతి జాతీయ రాజకీయాల్లోకి వచ్చింది. పలు సంఘాలు పలు రకాలుగా మాట్లాడుతుంటే ప్రభుత్వం ఎవరితో చర్చించాలని హోం మంత్రి మైకేల్ హోవార్డ్ 1994లో అడిగారు. సుదీర్ఘ సంప్రదింపుల తరువాత 1997 నవంబరులో ముస్లిం కౌన్సిల్ ఆఫ్ బ్రిటన్ ఏర్పడింది. వందలాది మసీదులు, సంఘాలు అందులో చేరాయి. 2001 జనగణనలో మతం ప్రశ్న చేర్పించడంలో కౌన్సిల్ పాత్ర ఉంది. ఉద్యోగాల్లో మత వివక్షను నిషేధించే 2003 నిబంధనల కోసమూ అది గట్టిగా పట్టుబట్టింది. దాని తొలి ప్రధాన కార్యదర్శి ఇక్బాల్ సాక్రానీకి 2005లో సర్ బిరుదు వచ్చింది.

అందరి తరఫునా తానే మాట్లాడతానన్న కౌన్సిల్ మాటను ముస్లింలలోనే చాలామంది ఒప్పుకోలేదు. దర్గా సంప్రదాయాన్ని పాటించే బరేల్వీలు 2005లో బ్రిటిష్ ముస్లిం ఫోరం పెట్టుకున్నారు. స్త్రీలకూ, యువతకూ నాయకత్వంలో చోటు తక్కువ. 2003లో ఇరాక్ యుద్ధాన్ని కౌన్సిల్ వ్యతిరేకించడంతో ప్రభుత్వం వైపు నుంచీ ముభావం మొదలైంది.

బాంబు దాడుల తరువాత

2005 జూలై 7న లండన్ రవాణా వ్యవస్థపై నలుగురు ఆత్మాహుతి దాడులు చేసి 52 మందిని చంపారు. దాడి చేసినవాళ్లు బ్రిటన్‌లో పెరిగినవాళ్లే. హోం శాఖ వెంటనే ముస్లిం ప్రముఖులతో ఏడు కార్యాచరణ బృందాలు వేసింది. కొన్ని నెలల్లోనే అవి నివేదికలిచ్చాయి. మసీదుల నిర్వహణ ప్రమాణాల కోసం జాతీయ మండలి పెట్టడం, పండితులతో యువతకు సభలు జరపడం వంటి సూచనలను ప్రభుత్వం తీసుకుంది. దాడులపై బహిరంగ విచారణ జరపాలన్న సూచనను పక్కనబెట్టింది. విదేశాంగ విధానం యువతలో రేపిన కోపం గురించి బృందాలు చెప్పింది కూడా ఎవరికీ రుచించలేదు. పిలిచి కూర్చోబెట్టి, నచ్చిన మాట మాత్రమే విన్నారన్న అసంతృప్తి ఆ బృందాల్లో పనిచేసినవాళ్లకు మిగిలింది. దానికి తగిన కారణమే ఉంది.

2006 అక్టోబరులో సమాజాల శాఖ మంత్రి రూత్ కెల్లీ కొత్త విధానం ప్రకటించారు. తీవ్రవాదాన్ని ఎదిరించడంలో ముందుండే సంస్థలకే ఇకపై నిధులు, ఆదరణ. నాజీలు చంపిన యూదుల స్మారక దినానికి ముస్లిం కౌన్సిల్ అప్పటిదాకా హాజరు కాకపోవడం ఆమె విమర్శలో ఒకటి. (2007 చివరలో కౌన్సిల్ ఆ నిర్ణయం మార్చుకుంది.) అంతకు ముందే, 2006 జూలైలో, పార్లమెంటు ఆవరణలో, ఆమె సమక్షంలోనే సూఫీ ముస్లిం కౌన్సిల్ మొదలైంది. 2008 ఏప్రిల్‌లో ఒకప్పటి ఇస్లామిస్టు కార్యకర్తలు ఎడ్ హుస్సేన్, మాజిద్ నవాజ్ తదితరులు క్విలియం ఫౌండేషన్ పెట్టారు. తొలి ఏళ్లలో దాని ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిదే. దాని వాదనల్లో విలువైనవి ఉన్నాయి. అయినా మంత్రుల దగ్గర ఉన్న పలుకుబడి దానికి ముస్లిం వాడల్లో ఎన్నడూ రాలేదు. 2021లో అది మూతబడింది.

నిధుల్లో అసలు భారీ భాగం యువత ఉగ్రవాదం వైపు వెళ్లకుండా చూసేందుకు పెట్టిన ‘ప్రివెంట్’ పథకానిది. 2007–08లో దాదాపు 70 స్థానిక సంస్థలకు 60 లక్షల పౌండ్లు, ఆ తరువాతి మూడేళ్లకు 4.5 కోట్ల పౌండ్లు కేటాయించారు. ఏ ఊరికి ఎంత అన్నది తేల్చడానికి చూసిన లెక్క ఆ ఊళ్లో ముస్లింలు ఎంతమంది అన్నదే. ప్రమాదం ఎక్కడుందో చూడలేదు. ఇస్లాం పాటించడమే అనుమానానికి ఆధారమన్న సందేశం ఆ ఒక్క సూత్రంలోంచే వెళ్లింది.

డబ్బు ఖర్చయిన తీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఫుట్‌బాల్ పోటీలు, బాక్సింగ్ శిక్షణ, సాయంత్రం చదువులు, ఇమాంలకు ఇంగ్లీషు తరగతులు, స్త్రీల సమావేశాలు: చాలా భాగం మామూలు సమాజసేవే. పేద వాడల్లో ఇవన్నీ కావలసినవే. కానీ పిల్లలకు ఆటస్థలం కావాలంటే మసీదు కమిటీ తమ పిల్లలు ఉగ్రవాదులయ్యే ప్రమాదం ఉందని దరఖాస్తులో రాయవలసి వచ్చింది. గ్రాంటు తీసుకున్న సంఘాన్ని సొంత వాడవాళ్లే ‘ప్రివెంట్ డబ్బు’ తిన్నవాళ్లుగా చూశారు. తీసుకోని సంఘానికి పని నడవలేదు. పక్క వాడల్లోని హిందూ, సిక్కు, తెల్లజాతి పేదలకు తమకు లేనిది వీళ్లకెందుకన్న కడుపుమంట. యువజన కార్యకర్తలను సమాచారం చెప్పమంటున్నారన్న ఆరోపణలను అరుణ్ కుంద్నానీ 2009లో జాతి సంబంధాల సంస్థ కోసం రాసిన నివేదికలో బయటపెట్టారు. 2010 మార్చిలో కామన్స్ సభా సంఘం సమాజ ఐక్యత పనిని ఉగ్రవాద నిరోధం నుంచి విడదీయాలని సిఫారసు చేసింది.

సలహా మండళ్లూ ఎక్కువ కాలం నిలవలేదు. 2008లో ముస్లిం మహిళల జాతీయ సలహా బృందం వేశారు. అది పైపై హంగుగా మారిందంటూ షాయిస్తా గోహిర్ 2010లో రాజీనామా చేశారు. 2009 మార్చిలో గాజా విషయమై ఇస్తాంబుల్‌లో వెలువడిన ఒక ప్రకటనపై ముస్లిం కౌన్సిల్ ఉప ప్రధాన కార్యదర్శి దావూద్ అబ్దుల్లా సంతకం చేశారని మంత్రి హేజెల్ బ్లియర్స్ కౌన్సిల్‌తో సంబంధాలు తెంచారు. 2010 జనవరిలో జాన్ డెన్హమ్ తిరిగి కలిపారు. కొద్ది నెలలకే వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం మళ్లీ దూరం పెట్టింది.

బర్మింగ్‌హామ్ కెమెరాలు

2010లో బర్మింగ్‌హామ్‌లోని స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతాల్లో వీధి మొగల్లో స్తంభాలు లేచాయి. అవి ముస్లింలు ఎక్కువగా ఉండే వాడలు. దొంగతనాలు, మాదకద్రవ్యాల అమ్మకం అరికట్టడానికని స్థానిక ప్రతినిధులకు చెప్పారు. పెట్టదలచుకున్నవి 218 కెమెరాలు. వాటిలో 72 ఎవరికీ కనిపించనివి. చాలావరకు కార్ల నంబర్లు చదివే రకం. ఆ వాడలోకి వచ్చే బండీ, పోయే బండీ నమోదయ్యేలా అమర్చారు. దాదాపు 30 లక్షల పౌండ్ల ఖర్చు ఉగ్రవాద నిరోధ నిధి నుంచి వచ్చిందని తరువాత పత్రికల ద్వారా తెలిసింది.

జనం వీధికెక్కారు. జూన్‌లో కెమెరాలకు సంచులు తొడిగారు. థేమ్స్ వ్యాలీ పోలీసు అధిపతి సారా థార్న్‌టన్ సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక పోలీసులను తప్పుపట్టింది. 2011లో స్తంభాలు పీకేశారు. పోలీసులతో కలిసి ఏళ్ల తరబడి పనిచేసిన మసీదు పెద్దలే దీనివల్ల ఎక్కువ నష్టపోయారు. వాళ్లు వాడకు చెప్పిన మాటకు విలువ లేకుండా పోయింది.

లండన్‌లో ఇందుకు భిన్నమైన అనుభవం ఉంది. తీవ్రవాద బోధకుడు అబూ హమ్జా వర్గం చేతిలో ఉన్న ఫిన్స్‌బరీ పార్కు మసీదును 2005 ఫిబ్రవరిలో స్థానిక ముస్లిం నాయకులు పోలీసుల సహకారంతో తిరిగి స్వాధీనం చేసుకున్నారు. బ్రిక్స్‌టన్‌లో అబ్దుల్ హక్ బేకర్ నడిపిన ‘స్ట్రీట్’ సంస్థ తీవ్రవాదం వైపు జారే యువకులను వెనక్కి తెచ్చే పని చేసింది. వీటిని నడిపినవాళ్లు ప్రభుత్వానికి నచ్చే ఉదారవాదులు కారు. వాడ యువకులు వాళ్ల మాట వినేవారు, పని జరిగింది అందుకే.

2011 తరువాత

2011 ఫిబ్రవరిలో ప్రధాని డేవిడ్ కామెరాన్ మ్యూనిక్ ప్రసంగంలో, జూన్‌లో హోం మంత్రి థెరిసా మే ప్రివెంట్ సమీక్షలో ఒకే మాట చెప్పారు: బ్రిటిష్ విలువలను ఒప్పుకోని సంస్థలకు పైసా ఇవ్వం. సమైక్యత పనిని ప్రివెంట్ నుంచి వేరుచేశారు. కామన్స్ సంఘం కోరినదే జరిగింది గానీ, ఆ పనికి డబ్బు మాత్రం బాగా తగ్గింది. ‘స్ట్రీట్’కు నిధులు ఆగిపోయాయి. 2015 నాటి ఉగ్రవాద నిరోధ చట్టంతో బడులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలకు ప్రివెంట్ చట్టబద్ధమైన విధి అయింది. నిఘా భారం సంఘాల నుంచి ఉపాధ్యాయుల మీదికి మారింది.

ప్రభుత్వం కోసం విలియం షాక్రాస్ ప్రివెంట్‌పై జరిపిన సమీక్షను పలు ముస్లిం, పౌరహక్కుల సంస్థలు బహిష్కరించాయి. ప్రివెంట్ డబ్బు అందుకున్న కొన్ని సంస్థలే తీవ్రవాద కథనాలను వ్యాపింపజేశాయని 2023 ఫిబ్రవరిలో వెలువడిన ఆ నివేదిక చెప్పింది. 2024 మార్చిలో మంత్రి మైకేల్ గోవ్ తీవ్రవాదానికి కొత్త నిర్వచనం ఇచ్చారు. ఆ నిర్వచనంలోకి వచ్చే సంస్థతో మంత్రులు, అధికారులు మాట్లాడకూడదు, నిధులివ్వకూడదు. ఇది శిక్షాస్మృతి కాదు, ప్రభుత్వ శాఖలకు మార్గదర్శకం మాత్రమే.

భద్రతకు నిధులు

విద్వేష దాడులు పెరిగాక మరో రకం సాయం మొదలైంది. ముస్లిం వ్యతిరేక ఘటనలను నమోదు చేసి బాధితులకు తోడ్పడే ‘టెల్ మామా’ 2012 నుంచి ప్రభుత్వ నిధులతో పనిచేసింది. ప్రార్థనా స్థలాల రక్షణకు 2016లో పెట్టిన పథకంలో మసీదులకూ చోటుంది. 2024 మార్చిలో మసీదులు, ముస్లిం బడులు, సామాజిక కేంద్రాల భద్రతకు నాలుగేళ్లలో 11.7 కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రకటించారు. కెమెరాలు, అలారాలు, కంచెల కోసం కేటాయించిన ఆ మొత్తం ప్రివెంట్ మూడేళ్ల కేటాయింపుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఈసారి కెమెరాలు మసీదు కమిటీలే అడిగి పెట్టించుకునేవి. అదే ఏడాది జూలై చివరలో సౌత్‌పోర్టులో మసీదుపై అల్లరిమూకలు దాడిచేయగా, ప్రభుత్వం అత్యవసర కాపలా ఏర్పాట్లు చేసింది.

2025లో విద్వేష ఘటనల నమోదుకు ఏటా పది లక్షల పౌండ్ల వరకు ఇచ్చేలా బ్రిటిష్ ముస్లిం ట్రస్టును ప్రభుత్వం ఎంపిక చేసింది. టెల్ మామాకు ఉన్న గ్రాంటు అప్పటికే ముగిసింది. 2024లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం ముస్లిం కౌన్సిల్‌ను దూరం పెట్టే పాత విధానాన్నే కొనసాగించింది.