ఒకే ఒక్క ప్రతి: లిఖిత పత్రిక పుట్టుపూర్వోత్తరాలు

రంగూన్‌లో ఊరి చుట్టూ తిరిగే రైలొకటి ఉంది. నడిబొడ్డున ఉన్న పెద్ద స్టేషన్లో ఎక్కి కూర్చుంటే 46 కిలోమీటర్లు, 39 స్టేషన్లు తిప్పి, సుమారు మూడు గంటల తర్వాత మళ్లీ ఎక్కిన చోటే దింపుతుంది. ఆ దారిలో మూడు పేర్లు నాకెప్పుడూ కలిసే గుర్తొస్తాయి: పజుండాంగ్, ఇన్‌సీన్, మింగళాడోన్. మొదటిది బెంగాలీ రచయిత శరత్‌బాబు కాపురమున్న పేట. రెండోది జైలు. మూడోది విమానాశ్రయం, సైనిక స్థావరాలు, ఫ్యాక్టరీలు ఉన్న చోటు. దాని పేరులో ఉన్నది పాళీ మీదుగా వెళ్లిన మన ‘మంగళ’ శబ్దమే. అచ్చుకాని పత్రికల కథ చాలావరకు ఈ మూడు స్టేషన్ల మధ్యే చెప్పవచ్చు.

అచ్చుకాని పత్రికను మనం లిఖిత పత్రిక అంటాం. నా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయం బల్ల మీద దారంతో కుట్టిన లిఖిత మాసపత్రిక ఒకటి ఉండేది. పదిమంది రాసేవారు. చిత్తు ఎవరి దస్తూరిలో ఉన్నా సాపు మాత్రం ఒక్కరే రాసేవారు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎడమపక్క ఎర్రసిరాతో గీసిన మార్జిను. తప్పు పడితే బ్లేడుతో గీకి దిద్దేవారు. పేజీని వెలుతురుకెత్తి చూస్తే అక్కడ కాగితం పలచబడి కనిపించేది. చివర రెండు పేజీలు ‘మీ అభిప్రాయం’ అని శీర్షిక పెట్టి ఖాళీగా వదిలేసేవారు. నెల తిరిగేసరికి ఆ రెండూ నిండిపోయి రాతలు అట్ట లోపలివైపుకు పాకేవి. కథల కంటే ముందు నేను అవే చదివేవాణ్ణి. ‘ముగింపు అతకలేదు’ అని ఒకరు రాస్తే, దాని కింద రచయిత జవాబు, ఆ కింద మూడో మనిషి తీర్పు. మరుసటి నెల అదే కథకు ఇంకొకరు వేరే ముగింపు రాసి ఇచ్చేవారు. ఆ కథ ఎవరిదని అడిగితే అందరూ మాదే అనేవారు. ఆ మాట అనడానికి అందరికీ హక్కుండేది.

ఇలాంటి పత్రిక ఎప్పుడు పుట్టింది? అచ్చుయంత్రం రాకముందు ఉన్నదంతా చేతిరాతే కాబట్టి ఆ కాలం మాట వేరు. అది వచ్చాక కూడా 16వ శతాబ్దపు వెనిస్‌లో వార్తలు చేత్తో రాయించి డబ్బిచ్చినవాళ్లకు పంపేవారు. మొఘలు దర్బారుకు ఊరూరి నుంచి అఖ్బారులు వెళ్లేవి. ఒకటి వ్యాపారం, మరొకటి రాచకార్యం. నేను చెప్పేది వేరే జాతి పత్రిక గురించి. అచ్చు ఉన్నా అది తమకు అందనివాళ్లు నలుగురూ కూడి పెట్టుకున్న పత్రిక అది. 1829, 30 ప్రాంతంలో ఇంగ్లండులో బ్రాంటీ ఇంటి పిల్లలు అగ్గిపెట్టెంత కాగితాల మీద, అచ్చు అక్షరాల్ని అనుకరిస్తూ పత్రికలు రాసుకున్నారు. ఆ పిల్లల్లో ఒకరు తర్వాత ‘జేన్ ఐర్’ రాశారు, ఇంకొకరు ‘వదరింగ్ హైట్స్’ రాశారు.

మన దేశంలో ఈ జాతి పత్రిక ఎంత పని చేయగలదో తెలియాలంటే భాగల్పూర్ వెళ్లాలి. 1900 ప్రాంతంలో అక్కడి బెంగాలీ కుర్రాళ్లు ఒక సాహిత్య సభ పెట్టుకున్నారు. నవలలు చదివితే పిల్లలు పాడైపోతారని పెద్దలు నమ్మే రోజులు కాబట్టి సభలు చాటుమాటుగానే జరిగేవి. వాళ్లకు పెద్దదిక్కు శరత్‌చంద్ర చటోపాధ్యాయ. వాళ్ల లిఖిత పత్రిక పేరు ‘ఛాయా’. కలకత్తా భవానీపూర్‌లోని మిత్రులది ‘తరణి’, అదీ చేతిరాత పత్రికే. ఈ రెండూ టపాలో అటూ ఇటూ తిరిగేవి. వీళ్ల రాతల్ని వాళ్లు, వాళ్ల రాతల్ని వీళ్లు నిర్మొహమాటంగా విమర్శించుకునేవారు.

ఆ బృందంలో సభకు ఎన్నడూ రాని సభ్యురాలు ఒకరున్నారు. నిరుపమాదేవి. బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింట్లో ఉండేవారు. పరాయి మగవాళ్ల ముందుకు రావడానికి ఇంటి కట్టుబాటు ఒప్పుకోదు. ఆమె నోటుపుస్తకం అన్న విభూతిభూషణ్ భట్ట చేతి మీదుగా సభకు వచ్చేది. శరత్ చదివి చెప్పిన మాటలు అదే దారిన వెనక్కి వెళ్లేవి. గడప దాటకుండానే ఆమె ఆ బృందంలో నిండుగా ఉన్నారు. తర్వాతి రోజుల్లో ‘దీదీ’ నవలతో బెంగాల్ అంతా పేరు తెచ్చుకున్నారు. లిఖిత పత్రిక చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. మనిషి రాలేని చోటికి నోటుపుస్తకం వెళ్లింది.

1903 మొదట్లో శరత్ రంగూన్ ఓడ ఎక్కారు. వెళ్లేముందు ‘మందిర్’ అనే కథ రాసి, మేనమామ వరస అయ్యే సురేంద్రనాథ్ గంగోపాధ్యాయ పేరుతో కుంతలీన్ తలనూనె కంపెనీవారి పోటీకి పంపారు. దానికి మొదటి బహుమతి వచ్చింది. తన పేరు ఎక్కడా లేకపోయినా ఆయనకు పట్టలేదు. రాసినదాన్ని బృందం సొత్తుగా చూడడం అప్పటికే అలవాటైపోయినట్టుంది. రాతప్రతులు కూడా మిత్రుల దగ్గరే వదిలేశారు. 1907లో వాళ్లు ఆయనకు చెప్పకుండానే వాటిలోని ‘బడదీది’ నవలను బెంగాలీ పత్రిక ‘భారతి’కి ఇచ్చారు. మొదటి రెండు విడతలకు రచయిత పేరు వేయలేదు, పాఠకులు రవీంద్రుడే రాశాడనుకున్నారు. రచయిత మాత్రం రంగూన్‌లో లెక్కల ఆఫీసు గుమాస్తా. ఈ సంగతి ఆయనకు తెలియదు. మనం 1961లో ‘బాటసారి’గా తెరమీద చూసి కన్నీళ్లు పెట్టుకున్న కథ ఇదే.

శరత్ ఉన్న చోటు పజుండాంగ్ వైపు, మేస్త్రీలు, ఫిట్టర్లు ఉండే పేట. పజుండాంగ్ కాలువ గట్టునే బియ్యం మిల్లులు ఉండేవి. మిల్లుల్లో మూటలు మోసినవాళ్లలో మనవాళ్లు చాలామంది. గోదావరి జిల్లా కోరంగి రేవు నుంచి వచ్చారు కాబట్టి తెలుగువాళ్లందరికీ అక్కడ కోరంగీలనే పేరు పడిపోయింది. మా వైపు పెద్దలు రంగూన్‌ని రంగం అనేవారు. ‘రంగం వెళ్లాడు’ అంటే డబ్బు కోసం వెళ్లాడని అర్థం, తిరిగొస్తాడో లేదోనన్న దిగులు కూడా అందులోనే ఉండేది. శరత్ నవల ‘శ్రీకాంత్’లో ఆ ఓడ ప్రయాణం, దిగగానే జనాన్ని తోలిన కెరంటిన్ (క్వారంటీన్) షెడ్డు చదివినప్పుడు ఆ గుంపులో మన కూలీలు నా కళ్లముందు మెదులుతారు. 1912లో శరత్ ఇల్లు తగలబడి పుస్తకాలు, బొమ్మలు, ‘చరిత్రహీన్’ రాతప్రతి బూడిదైపోయాయి. ఒకే ఒక్క ప్రతి ఉండడంలోని ప్రమాదం అదే. ఆయన మళ్లీ మొదటినుంచి రాశారు. ఆ శరత్‌ని తెలుగులోకి తెచ్చిన చక్రపాణి బెంగాలీ నేర్చుకున్నది మదనపల్లె క్షయ ఆసుపత్రిలో, తోటి రోగి దగ్గర. మంచం పట్టినవాళ్ల నడుమ కూడా ఇలాంటి బృందం పుడుతుందన్నమాట.

ఇక రెండో స్టేషన్ ఇన్‌సీన్. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక బర్మాలో అచ్చయ్యే ప్రతి అక్షరం సెన్సారు చేతిలోకి వెళ్లింది. నచ్చని వాక్యాల మీద సిరా పూసేవారు, పేజీలు చింపించేవారు. అచ్చుకు ముందు సెన్సారు 2012 ఆగస్టు వరకు ఎత్తేయలేదు. ఇన్‌సీన్ జైల్లో రాజకీయ ఖైదీలకు కలం, కాగితం దగ్గరుంటేనే నేరం. అక్కడా లిఖిత పత్రిక పుట్టింది. సంపాదకులు విన్ టిన్, మ్యో మ్యింట్ న్యేన్ లాంటి వాళ్లు లోపలే ఉన్నారు కాబట్టి చేయి తిరిగినవాళ్లకు కొదవలేదు. రహస్యంగా రాసి ఒక గదినుంచి ఇంకో గదికి పంపేవారు. 1995 చివర్లో సోదాల్లో అది బయటపడింది. కొందరిని సైనిక కుక్కలను ఉంచే గదుల్లో పడేశారు. 1996 మార్చిలో శిక్షలు పెంచారు, విన్ టిన్‌కు మరో ఏడేళ్లు పడ్డాయి. కాగితం దొరకనప్పుడు ఆయన ఇటుకపొడి నీళ్లలో కలిపి ఆ సిరాతో గోడమీద కవితలు రాసుకున్నారు. 19 ఏళ్ల తర్వాత 2008 సెప్టెంబరులో బయటికొచ్చారు. మిగతావాళ్లు ఇంకా లోపలే ఉన్నారని, 2014లో కన్నుమూసేదాకా ఖైదీల చొక్కాలాంటి నీలం చొక్కానే తొడుక్కున్నారు.

ఈ గోడ మనకు కొత్త కాదు. నిజాం రోజుల్లో నిజామాబాద్ జైలు గోడమీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాశారు. తోడుగా ఉన్న ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. రాసినవాడు, చదివినవాడు ఇద్దరే అయినా నా లెక్కలో అది పత్రికే.

ఇన్‌సీన్‌ను ఆనుకునే మింగళాడోన్ ఉంది. సెన్సారు పోయిన తర్వాతి ఏళ్లలో అక్కడి కుర్రకారుకు కవితైనా కథైనా ఫోనులోనే. నలుగురు ఒక గుంపు కట్టడం, ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకోవడం, కింద వ్యాఖ్యలు, ఆ వ్యాఖ్యలకు జవాబులు. మా ఊరి పత్రిక చివరి రెండు పేజీలు పెరిగి పెద్దవైతే ఇలాగే ఉంటాయి. 2021 ఫిబ్రవరి 1న మళ్లీ సైన్యం గద్దెనెక్కింది. 4న ఫేస్‌బుక్ ఆపేశారు. 15 నుంచి రోజూ అర్ధరాత్రి ఒంటిగంట మొదలు ఉదయం తొమ్మిది దాకా ఇంటర్నెట్ బంద్. మార్చి మధ్యలో ఫోన్ల డేటా పోయింది. ఏప్రిల్ మొదట్లో తీగ లేని కనెక్షన్లూ పోయాయి.

ఆ ఏప్రిల్‌లోనే రంగూన్‌లో ‘మొలొటోవ్’ అనే చిన్న పత్రిక బయటికొచ్చింది. నడిపింది కుర్రాళ్లు, పేర్లన్నీ మారుపేర్లు. ఒకచోట అచ్చేసి పంచితే పట్టుబడతారు. అందుకని కనెక్షన్ ఉన్న కాసేపట్లో పత్రిక మొత్తాన్ని ఫైలుగా పంపేవారు. అందుకున్నవాళ్లు ఎవరి పేటలో వాళ్లు కాగితం మీద తీసుకుని మడతపెట్టి, చదివి, పక్కింటికి అందించేవారు.