అడుగు ముందుకి, అడుగు వెనక్కి

డాలస్‌కి ఉత్తరాన, హైవే పక్కనే ట్రైలర్ యార్డు. ఏప్రిల్ గాలి అడ్డూ ఆపూ లేకుండా వీస్తోంది. పదహారు, పద్దెనిమిది, ఇరవై అడుగుల ట్రైలర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, కొత్త చెక్క వాసన వేస్తూ. మీ కార్వెట్ సీ8 గేటు దగ్గర ఆగి ఉంది. వచ్చే నెల ఆస్టిన్‌లో, సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ట్రాక్ డే: 3.41 మైళ్ళ చుట్టు, 20 మలుపులు. రోజంతా టైర్లూ బ్రేకులూ అరగదీశాక, అదే కారులో రెండొందల పైచిలుకు మైళ్ళు ఇంటికి నడపడం మంచిది కాదు. అందుకే ఈ ట్రైలర్.

మీ బావమరిది టేపు చుడుతూ వస్తాడు. "బావా, కారు పదిహేను అడుగుల రెండంగుళాలు. పదహారు సరిపోదూ?"

చూడ్డానికి సరిపోతుంది. యార్డు పెద్దాయన వాదించడు. ర్యాంపులు దింపి, ఎక్కించి చూసుకోమంటాడు. కారు ముక్కు ట్రైలర్ ముందు కడ్డీకి తగిలీ తగలనట్టు ఆగుతుంది. ఆయన ట్రైలర్ కొక్కెం కింద చిన్న తూకం యంత్రం పెడతాడు. ముల్లు 410 పౌండ్ల దగ్గర ఆగుతుంది.

కారు 3,650 పౌండ్లు, ఖాళీ ట్రైలర్ 1,900. మొత్తం 5,550. ఇందులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెం మీద పడాలి, అంటే కనీసం 555. అంతకన్నా తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పెద్ద లారీ పక్కనుంచి దాటినా, గాలి అడ్డంగా కొట్టినా ఆ ఊపు పెరిగి, లాగే ట్రక్కునే పక్కకి ఈడ్చేస్తుంది. ఎద్దుబండిలో వెనక్కి బరువెక్కువ వేస్తే కాడి పైకి లేవడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ముక్కు కడ్డీకి ఆనుకున్నా బరువు ముందుకి ఎందుకు పడలేదు? ఇంజిన్ సీటు వెనకుంది కాబట్టి. 2020 మోడల్‌తో కార్వెట్ ఇంజిన్‌ని ముందునుంచి నడిమికి మార్చారు. అంతకుముందు తరం సీ7లో బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. సీ8లో అరవై పాళ్ళు వెనక చక్రాల మీదే. ముందు చక్రాల నుంచి లెక్కేస్తే బరువు కేంద్రం దాదాపు పదకొండు అంగుళాలు వెనక్కి జరిగింది. పొడుగు మాత్రమే కొలిచి ట్రైలర్ కొనేవాళ్ళు దీన్నే మరిచిపోతారు. అమ్మేవాళ్ళూ చాలామంది అడగరు.

"తిప్పి, వెనకనుంచి ఎక్కిస్తే?" అంటాడు బావమరిది. మంచి ప్రశ్నే. లెక్క కుదురుతుంది కూడా. కానీ అలసిపోయిన సాయంత్రం, చీకట్లో, ఇరుకు ర్యాంపుల మీద అద్దాలు చూసుకుంటూ రివర్స్‌లో ఎక్కడం ఎంత చేయి తిరిగిన డ్రైవర్‌కైనా ప్రమాదమే. పదహారు అడుగులది మియాటా లాంటి చిన్న కారుకి హాయిగా చాలు, మీకు కాదు. పద్దెనిమిదిలో ముక్కు కడ్డీకి ఆనిస్తే తూకం కుదురుతుంది. అయితే ఆరంగుళాలు వెనక్కి జారితే చాలు, అంచుకి వచ్చేస్తుంది.

ఇరవై అడుగుల దాని మీదికి ఎక్కండి. వెనక రెండడుగులు కిందికి వాలి ఉంది కాబట్టి కారు గడ్డం ర్యాంపుకి గీసుకోదు. ఫెండర్ల మధ్య 82 అంగుళాలు, మీ కారు వెడల్పు 76. ఒక్కో పక్క మూడే అంగుళాలు. కారు ఆగాక తలుపు తీస్తారు, అది ఫెండర్‌కి తగలబోయి ఆగుతుంది. కిటికీలోంచి పాకి బయటికి రావాల్సిందే. పెద్దాయన డ్రైవర్ వైపు ఫెండర్ పిన్ను తీసి, దాన్ని ఎత్తి పక్కన పెడతాడు. తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఆ ఫెండర్ కోసం ఎక్కువ ఇవ్వడానికి వెనకాడకండి.

ఇప్పుడు ముక్కుకి ముందు అడుగు ఖాళీ వదిలితే ముల్లు 750 దగ్గర నిలుస్తుంది. ఇంకో అడుగు వెనక్కి జరిపితే 520కి పడిపోతుంది. ఒక్క అడుగుకి 230 పౌండ్లు! ఈ పెద్ద ట్రైలర్ మీకిచ్చేది ఈ వెసులుబాటే.

మిగతావి త్వరగా చూసుకోండి. యాక్సిళ్ళు రెండు, ఒక్కోటి 3,500 పౌండ్లది. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి, కాబట్టి ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ ఉండాలి. చాలా కాలనీల ఇంటి యజమానుల సంఘాలు (హెచ్‌ఓఏలు) ట్రైలర్‌ని ఇంటి ముందు ఉంచనివ్వవు. దాన్ని నిలపడానికి అద్దె స్థలం ఇప్పుడే మాట్లాడుకోండి.

నాలుగు చక్రాలకీ పట్టీలు బిగించాక, మీ బావమరిది ముందు టైరు ఆగిన చోట చెక్క మీద తెల్ల పెయింట్‌తో గీత గీస్తాడు. ట్రాక్‌కి తీసుకెళ్ళే అదనపు చక్రాలనూ జాకు పెట్టెనూ కొక్కెం వైపు కట్టాక మరోసారి తూకం చూడాలి. కొక్కెం మీద బరువు మొత్తంలో ఏడో వంతు దాటితే కారు నాలుగంగుళాలు వెనక్కి.