కడప సీమ నాటకసమాజములు : పాట వృత్తియైనవారి చరిత్ర

తెలుగు నాటకచరిత్రకారులు సాధారణముగా ముద్రితమైన నాటకమునకును, ప్రసిద్ధుడైన నటునికిని పెద్దపీట వేసిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యుల (1853–1912), కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) కృతులును, బళ్ళారి రాఘవ (1880–1946) నటనయు విపులముగా చర్చింపబడినవి. అది న్యాయమే. అయితే ఈ మువ్వురును న్యాయవాదులు. పగలు కోర్టు, రాత్రి రంగము. ఒక మాసము నాటకము లేకున్నను వారి యింట పొయ్యి వెలుగుచునే యుండెను. పాడిననాడే కూడు గల నటకుటుంబముల చరిత్ర వేఱు. వారు గ్రంథములు వ్రాయలేదు గనుక మన చరిత్రలలో వారికి దొరకిన చోటు స్వల్పము.

ఇట్టి కుటుంబములలో ముఖ్యమైనది కడప మండలములో వెలసినది. 1885వ సంవత్సరమున, నేటి చక్రాయపేట మండలమునకు చేరిన సురభి గ్రామమున, వనారస గోవిందరావు 'కీచకవధ'ను ప్రదర్శించెను. ఆ యూరి పేరే సమాజమునకు పేరైనది. (అప్పటికి ఈ ప్రాంతము దత్తమండలములనియే వ్యవహారము. రాయలసీమ యను పేరు 1928లో కర్నూలు మండలపు నంద్యాలలో జరిగిన సభతో వ్యాప్తికి వచ్చినది.) వనారసవారు మహారాష్ట్రమునుండి వచ్చి స్థిరపడిన తోలుబొమ్మలాటవారు. 1876–78 నాటి ధాత కరువు ఈ సీమను పీల్చివేసి అప్పటికి పదేండ్లైనను కాలేదు. గాదెలు వట్టిపోయిన యూళ్ళలో ముందుగా తెగునది ఆటవానికిచ్చు గింజలే గదా!

ఇచట ఒక విషయము గమనింపదగియున్నది. తోలుబొమ్మలాటలో స్త్రీపాత్రలకు ఆ కుటుంబపు స్త్రీలే తెరవెనుకనుండి గొంతు నిత్తురు. ఇతర సమాజములలో పురుషులు స్త్రీవేషములు ధరించుచున్న కాలమున సురభివారి స్త్రీలు రంగమెక్కి పాడుట కీ యలవాటే మూలమని మా యభిప్రాయము. దీనిని సంఘసంస్కరణముగా వర్ణించుట కొందఱకు ప్రియము. మాకు మాత్ర మందు వృత్తిధర్మమే కనబడుచున్నది: ఇంటనున్న ప్రతి కంఠమును పనిచేయవలెను, లేనిచో ఇల్లు గడువదు.

సమాజ మనగా కుటుంబమే. పిల్లలు ప్రహ్లాదుడు, లవకుశులు, బాలకృష్ణుడు. వయసు మీఱినవారు తెరలు లాగుట, దీపములు చూచుట, బాణములు గాలిలో ఢీకొనునట్లు తీగలు నడుపుట. వంట ఉమ్మడి. ఎవరికిని వేఱుగా జీతమను మాట లేదు. వచ్చిన టిక్కెట్టు డబ్బు మొదట బియ్యమునకు, పిదప బండ్ల బాడుగకు. ఒక యూర నెలలకొలది మకాము వేసినపుడు చూచినవారినే మరల రప్పింపవలెను గనుక నాటకము మార్చుచుండవలెను. అందుచే ఒక్కొక్కరికి పదులకొలది వేషములు, వాని పద్యములు, మట్లు కంఠస్థములై యుండవలెను. వాన కురిసిన రాత్రి ఆట లేదు, ఆదాయమును లేదు. వాన కొఱకు రైతు మొగము పైకెత్తిచూచు సీమలో, ఆ వానకే భయపడు వృత్తి యిది.

ధ్వనివర్ధకయంత్రములు లేని కాలమున చివరి వరుసకు పద్యము వినబడుటకై హెచ్చుశ్రుతిలో ఎత్తుకొనవలసివచ్చెడిది. 'ఒన్స్ మోర్' అని కేకవేసిన ప్రేక్షకున కది సంతోషము; మఱునాడును పాడవలసిన గొంతునకు అది మఱియొక భారము. ఈ కష్టమునకు సాక్షి హార్మోనియము వాయించువాడు. నటుని గొంతు అలసిన సంగతి ముందుగా తెలియునది వానికే. శ్రుతి దించుటయో, స్వరమును పొడిగించి నటునికి ఊపిరి తీసుకొను వ్యవధి నిచ్చుటయో వాని నేర్పు.

సురభి కమలాబాయి నాటకము జరుగుచుండగా రంగముపైననే జన్మించెనని ప్రసిద్ధి. దీనిని వింతగా చెప్పుకొనుట పరిపాటి. నెలలు నిండిన తల్లి ఆ రాత్రి కూడ వేషము కట్టి పాడవలసివచ్చిన దను సంగతి ఆ వింతలో మఱుగుపడుచున్నది. వేఱొక కుటుంబములో ఆమెకు పురిటిగది. ఇచట పురిటిగది రంగమే.

ఆ కమలాబాయియే 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతి. చలనచిత్రము తన గొంతును మొదట ఎరువు తెచ్చుకొనినది ఈ సమాజమునుండియే. పిదప దాని ప్రేక్షకులనే తనవైపు లాగుకొనినది. ఒకప్పుడు ముప్పదికి పైబడిన సురభి సమాజములు క్రమముగా వేళ్ళపై లెక్కింపదగినవైనవి. 1937లో ఏర్పడిన వేంకటేశ్వర నాట్యమండలి నిలిచినవానిలో నొకటి. దానిని నడిపిన నాగేశ్వరరావు (బాబ్జీ)కి 2013లో పద్మశ్రీ లభించినది. ఆయన 2022లో మరణించిరి. సురభి కుటుంబములు నేడు పెక్కు హైదరాబాదు శేరిలింగంపల్లిలో నున్నవి.

పరిశోధకవిద్యార్థులు పాత నాటకప్రతులను పరిశీలింతురు గాక. పాటపై రాగతాళముల పేళ్ళుండును. ముఖపత్రముపై కవి పేరు, ముద్రాలయము, వెల యుండును. హార్మోనియము వాయించినవాని పేరు సాధారణముగా ఎచటను కానరాదు.